ఇమోజీన్‌కి దక్కిన బెంచీ

తెల్లవాళ్ళ హైస్కూలుకి మొట్టమొదటగా ఒక నల్లపిల్లని పంపాలని అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఆ పత్తి ఊరి నల్లవాళ్ళ చర్చిపెద్దలు తీర్మానించినప్పుడు, ఆ పిల్ల తనేనని వెర్డెల్‌కి అనుమానమే లేదు. ఆరేళ్ళుగా తమ బడిలో ఆమే ఫస్టు. తర్వాతే స్నేహితురాలు ఇమోజీన్. ఇమోజీన్‌కి లెక్కలు నేర్పింది కూడా వెర్డెలే. ఆ కొత్త బడిలో ముందు వరస బెంచీ మీద ఎంత ఠీవిగా కూర్చోవాలో కూడా అద్దం ముందు చూసుకుంది, పద్నాలుగేళ్ళ పిల్ల.

తీరా ఆదివారం ప్రార్థనయ్యాక పాస్టరుగారు చదివిన పేరు ఇమోజీన్ టాలివర్.

వెర్డెల్ ఏడవలేదు. నేరుగా తమ బడి పెట్‌వే టీచరు దగ్గరికెళ్ళి నిలదీసింది.

"దానికి భిన్నాలు కూడడం కూడా రాదు టీచర్! నన్నెందుకు పక్కన పెట్టారు?"

"మీ నాన్న ఎవరి మిల్లులో కలప కోస్తాడమ్మాయ్?"

"బాస్కిన్ దొర మిల్లులో."

"నువ్వు సోమవారం ఆ బడి గడప తొక్కితే మంగళవారానికి మీ నాన్నకి పనుండదు. ఇమోజీన్ వాళ్ళ నాన్న మనవాళ్ళు పోతే శవపెట్టెలు చేసి పాతిపెట్టే మనిషి. ఆయన్ని పనిలోంచి తీసేసేదెవరే? చచ్చినవాళ్ళా?"

న్యాయమైన మాటే. న్యాయమైన మాటతో కడుపుమంట చల్లారితే ఇంకేం కావాలి? తెలివి తనది, కష్టం తనది, పేరు మాత్రం శవాలు పాతేవాడి కూతురిది. ఆ రోజునుంచి వెర్డెల్ ఇమోజీన్‌తో మాట మానేసింది.

చర్చిలో ప్రతివారం ఇమోజీన్ పేరు చెప్పి ప్రార్థన చేసేవారు. ముసలమ్మలు క్యూ కట్టి మరీ ఆమె తల నిమిరేవారు. కొత్త గళ్ళ గౌను, కొత్త బూట్లు. పుస్తకాలు కూడా కొత్తవేనట! తమ బడికొచ్చేవి తెల్లపిల్లలు వాడి పారేసినవి, అట్టలూడి, మధ్యలో కాగితాలు చిరిగి. ఇదంతా చాలదన్నట్టు, "పాపం, ఆ పిల్లకిచ్చి రావే" అని సొంత తల్లే చిలగడదుంప కేకు చేసి చేతికిచ్చింది. పుండు మీద కారం చల్లినట్టయింది వెర్డెల్‌కి. దారిలో సగం తనే తినేసి, మిగతాది వీధికుక్కకి పెట్టింది. కుక్కైనా నయం అనుకుంది.

అక్టోబరులో ఒక సాయంత్రం ఆమె వాకిలి మెట్ల మీద కూర్చుని పప్పు కోసం పెకాన్ కాయలు రాతితో కొడుతుంటే ఇమోజీనే వచ్చింది.

"ఏమే, నాతో మాట్లాడవా?"

వెర్డెల్ కాయని ఇంకాస్త గట్టిగా కొట్టింది.

"ఇవాళ్టికి ముప్పై ఆరు రోజులు. అక్కడ ఎవరూ పలకరు. నేనెక్కడ కూర్చుంటే ఆ వరసంతా ఖాళీ. హాజరు పిలిచేటప్పుడు టీచరు నా పేరు కూడా పలకదు, తలెత్తి చూసి టిక్కు పెట్టుకుంటుంది."

వెర్డెల్‌కి జాలి కలగాలి. కలగలేదు. వరసంతా ఖాళీ అంటే బెంచీ మొత్తం దీనిదే కదా అనిపించింది. అసూయంటే అంత పాడుది. రెండు నెలలుగా దిగమింగుకున్నదంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"నా దగ్గరకొచ్చి ఏడుస్తావేంటే? ఆ బడి నాది! నా నోటుబుక్కులో చూసి రాసుకున్నదానివి, దొంగమొహం ఇమోజీన్! మీ నాన్న శవాలు పాతకపోతే నీ మొహం ఎవడు చూసేవాడే ఇమోజీన్? పైగా మూతి ముడుచుకునొచ్చింది మహారాణి!"

ఇమోజీన్ కళ్ళ నిండా నీళ్ళు. వెళ్ళిపోతుందనుకుంది వెర్డెల్. వెళ్ళలేదు. కింది మెట్టు మీద కూలబడింది.

"ఇంకా తిట్టవే," అంది. "అక్కడేమో అసలు నేను లేనట్టే చూస్తారు. ఇక్కడేమో అమ్మా నాన్నా, చర్చివాళ్ళూ గాజుబొమ్మలా చూస్తారు. నన్ను తిట్టేవాళ్ళు లేక చచ్చిపోతున్నాను."

వెర్డెల్ చెయ్యి ఆగిపోయింది. ఆ తెల్లపిల్లలు అక్కడ చేస్తున్న పనే ఇక్కడ మాట మానేసి తానూ చేసింది, అదీ స్నేహితురాలై ఉండి. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అసూయ మాత్రం అంగుళం కూడా కదల్లేదు. ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ తిట్టింది. ఏడుస్తూ తిట్టింది.

"ఎవరితోనే ఆ పోట్లాట?" లోపలినుంచి తల్లి కేకేసింది.

"ఇమోజీన్‌తో!" వీధి వీధంతా వినపడేలా అరిచింది వెర్డెల్. "ఇమోజీన్‌తోనే అమ్మా!"