ఆరు ముళ్ళు

నాకంటే ముందు ఈ వంతెనకి ప్లానింగ్ చూసినతన్ని ఇప్పచెట్టుకు కట్టేసి వెదురు కర్రలతో కొట్టారు. రెండు మోకాళ్ళూ పోయాయి. ఊరివాళ్ళ పండుగ రోజున పొక్లెయిన్ దింపి వాగు ఒడ్డు తవ్వించడం అతను చేసిన తప్పు. ఆ సంగతి తెలిసి కూడా నేను ఆ కుర్చీలో కూర్చున్నానంటే ధైర్యం ఎక్కువై కాదు, పొగరు ఎక్కువై. భోపాలపట్నంలో మా నాన్న కిరాణా కొట్లో గల్లా పక్కన పెరిగినవాణ్ణి. ఈ అడవి ఊళ్ళ భాష దోర్లీ నాకు తెలుగంత బాగా వచ్చు. ఈ జనం నాకు తెలియనివాళ్ళా అనుకున్నాను.

వంతెన తర్రెం ఊరు దాటాక అడవిలోకి పోయే కొత్త రోడ్డు మీద. వానలు మొదలయ్యేలోగా స్లాబు పడాలి. ఏ పని ఏ రోజు, ఎన్ని మిక్సర్లు, ఎంతమంది కూలీలు, అన్నీ కంప్యూటర్లో ఎక్కించి, ఆ షెడ్యూలు గోడకు అంటించాను. దాని కింద స్టేక్‌హోల్డర్ల పట్టిక. పనితో సంబంధం ఉన్న ప్రతివాళ్ళ పేరూ, వాళ్ళ పలుకుబడి ఎంతో, ఆసక్తి ఎంతో. హెడ్డాఫీసు అన్నిటికంటే పైన. ఊరు అట్టడుగున. ఊరి గడిలో 'సమాచారం ఇస్తే చాలు' అని రాసింది నేనే.

ఊరికీ మాకూ మధ్యవర్తి జోగ. ఆ ఊరి దోర్లవాడే, నలభై ఏళ్ళుంటాయి. మోకాళ్ళు విరిగిన ఇంజనీరు కట్లు కోసి, భుజాన వేసుకుని మోసుకొచ్చింది అతనే. ఆ గొడవ తర్వాత పని మళ్ళీ సాగనిచ్చారంటే జోగ ఇచ్చిన మాట మీదే. పండుం, అంటే వాళ్ళ పండుగ, జరిగే రోజున ఊరి నేలమీద కంపెనీ చక్రం తిరగదని మాటిచ్చాడు. తిరిగితే తన ప్రాణం పూచీ.

విత్తనాల పండుం తేదీ క్యాలెండర్లో ఉండదు. ఊరి పెర్మా, అంటే పూజారి, నిర్ణయిస్తాడు. ఒక గురువారం సాయంత్రం జోగ, అతని భార్య పొజ్జే సైట్ ఆఫీసుకు వచ్చారు. జోగ నా బల్లమీద ఒక నారతాడు పెట్టాడు.

"చిన్న సావుకారీ, పెర్మా రోజు చెప్పిండు. ఇగో, ఆరు ముళ్ళు. రేపటి పొద్దుగాల సంది రోజుకొకటి ఇప్పు. ఆఖరిది ఇప్పిన నాడే పండుం. ఆ రోజు ఒక్క బండి గూడ రావద్దు."

"వస్తే ఏంది?"

"వస్తే నా మెడ మీదికొస్తది."

"ముళ్ళు నేనే కట్టిన," అంది పొజ్జే. "లెక్క తప్పదు."

"మా కంప్యూటర్ ఉండంగ మీ తాడెందుకు?" అని నవ్వాను. పాపం, జోగ కూడా నవ్వాడు. తాడు సొరుగులో పడేసి, కంప్యూటర్లో 'ఆరు రోజులు' అని కొట్టాను. దానికి పనిదినాలే లెక్క, ఆదివారం రోజు కాదు. సోమవారం అంబేద్కర్ జయంతి సెలవు, అదీ రోజు కాదు. రోజుకొక ముడి విప్పి ఉంటే పండుం బుధవారం అని నా వేళ్ళే చెప్పేవి. మా మిషన్ శుక్రవారం అంది. నేను ఒక్క ముడీ విప్పలేదు. పండుం కంటే రెండు రోజులు ముందే పని తెమిలిపోతుందని మురిసిపోయి, స్లాబు బుధవారానికి పెట్టాను.

బుధవారం పొద్దున ఊరి కూలీలు పన్నెండుమందీ రాలేదు. జోగ శనివారమే పండుం పనులకని తన ఊళ్ళోకి వెళ్ళిపోయాడు. ఒళ్ళు బద్ధకం వెధవలని నోటికొచ్చినట్టు తిట్టి, మిగిలినవాళ్ళతో కానిచ్చేద్దామని మొదటి మిక్సర్ లారీ ఎక్కాను. కాంక్రీటు కలిపిన గంటన్నరలో పడాలి. లేకపోతే డ్రమ్ములోనే గడ్డకడుతుంది.

డ్రైవరు దేవేంద్ర గీదం వాడు. పోయినేడు రోడ్డుకు అడ్డంగా దుంగ కనపడితే బండి ఆపాడు. అడవిలో దళంవాళ్ళు టిప్పర్‌ని తగలబెట్టారు. అతని ఎడమ చెంప కాలిన మచ్చ అప్పటిదే.

మలుపు తిరగగానే దుంగ. వెనక ముప్పైమంది మగవాళ్ళు, చేతుల్లో విల్లంబులు. దేవేంద్ర గేరు తగ్గించాడు.

"సార్, రోకూ?"

విల్లంబులు పండుం వేటకి పట్టుకుంటారని నాకు తెలుసు. కానీ పండుం శుక్రవారం కదా! ఇవాళ బుధవారం కదా! కాబట్టి వీళ్ళు పండుంవాళ్ళు కారు, బండి తగలబెట్టేవాళ్ళే. నా తెలివి అలా పనిచేసింది.

"ఆపావంటే చస్తాం. తొక్కు!" అన్నాను.

తొక్కాడు. దుంగ ఎగిరి పక్కకు తిరిగి ఇద్దరి కాళ్ళు విరగ్గొట్టింది. మధ్యలో చెయ్యెత్తి నిలబడిన ముసలాయన పెర్మా హడ్మా. ముందు చక్రం ఒకవైపు కొంచెం లేచి దిగింది. విరిగిన దుంగ ముక్క ఇరుసులో ఇరుక్కుని బండి గుంతలోకి ఒరిగింది.

అద్దం పగిలింది. ఒక బాణం వచ్చి నా చెవి పక్కన సీటులో దిగింది. దేవేంద్రని జుట్టు పట్టి కిందికి లాగారు. అతను చేతులు జోడిస్తే ఆ చేతుల మీదే కొట్టారు, ఎముకలు విరిగేదాకా. పడిపోయాక రాళ్ళతో కొట్టారు. అమ్మా అని రెండుసార్లు అరిచాడు, మూడోసారి గొంతు రాలేదు. నా మూతి మీద వింటికర్ర పడింది, రెండు పళ్ళు ఊడి నాలుక మీదికొచ్చాయి. రోడ్డు మీద బోర్లా పడ్డాను. ముఖం కింద ఒలికిన విత్తనాలు, వడ్లూ జొన్నలూ, హడ్మా నెత్తుటిలో తడిసి ఉన్నాయి.

ఇవాళే పండుం. సొరుగులో తాడు గుర్తొచ్చింది.

జోగ పరిగెత్తుకుంటూ వచ్చి నాకు అడ్డం నిలబడ్డాడు. ఊరి పెద్ద మంగ్లూ చేతిలో గొడ్డలి. హడ్మా అతని అన్న. దోర్లీలోనే అడిగాడు:

"జోగా, వీళ్ళకు రోజు తెలుసా తెల్వదా? తెలిసి తొక్కితే పానం వీడిది. తెల్వకపోతే పానం నీది."

జోగ నావైపు చూశాడు. నేను చెప్పాల్సింది రెండు ముక్కలు. రోజు చెప్పాడు, నేనే తప్పు లెక్కపెట్టాను. నోటినిండా నెత్తురుందని సాకు చెప్పను. నెత్తురుతో కూడా మాట్లాడవచ్చు. భయపడ్డాను, అంతే.

నేను చస్తే ఊరిమీద ఎన్ని కేసులు పడతాయో, ఎంతమంది జైలుకు పోతారో జోగకి తెలుసు.

"తెల్వదు," అన్నాడు. "నేనే తప్పు చెప్పిన."

"అబద్ధం!" పొజ్జే జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ముళ్ళు నేను కట్టిన. ఆరు కట్టిన. సావుకారి చేతికిచ్చినం. ఆయన్నే అడుగుండ్రి, ఆయనకు మన మాటొస్తది!"

మంగ్లూ నామీదికి వంగాడు. "ఆమె అనేది నిజమేనా?"

ప్రతి మాటా అర్థమైంది. తల అడ్డంగా ఊపి, "సమఝ్ మే నహీ ఆతా," అన్నాను. మీ మాట నాకు రాదని చెయ్యి కూడా ఊపాను.

గొడ్డలి మొదటి దెబ్బ జోగ భుజం మీద పడింది. పొజ్జేని నలుగురు పట్టుకున్నారు. రెండోది మెడ మీద. అతను కూలుతూ కూడా నామీద పడకుండా పక్కకు ఒరిగాడు.

దేవేంద్ర గీదం చేరకముందే అంబులెన్సులో చనిపోయాడు. నాకు దవడ కట్టు కట్టారు. పోలీసు ఠాణావాళ్ళు ఆసుపత్రికొచ్చి వాంగ్మూలం తీసుకుంటే 'జోగ తప్పు తేదీ చెప్పాడు' అని సంతకం పెట్టాను. బతికినవాడికి ఉద్యోగం కూడా కావాలి కదా మరి. హెడ్డాఫీసు జాప్యానికి కారణం అడిగితే వాళ్ళకీ అదే రాశాను.

పదోనాడు ఠాణాకి రమ్మన్నారు. పొజ్జే అడవిదారిన నడిచి వచ్చి కూర్చుంది, పాదాలు పగిలి ఉన్నాయి. వాంగ్మూలం ఇస్తానంటుంది, హిందీ రాదు. తర్జుమా చేసే కానిస్టేబులు సెలవులో ఉన్నాడు.

"మీది భోపాలపట్నమేగా, దోర్లీ వచ్చుంటుంది. కాస్త చెప్పండి," అన్నాడు ఠాణేదారు, మర్యాదగా కుర్చీ చూపిస్తూ.

పొజ్జే నన్ను చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. ఒక్కొక్క మాటే ఆగి ఆగి చెప్పింది, నేను అందుకోవాలని.

"ముళ్ళు కట్టింది నేను. నా మొగుడు సరిగనే చెప్పిండు. లెక్క తప్పింది సావుకారి కొడుకు. అడిగితే మా మాట రాదన్నడు. ఆయన బతికిండు, నా మొగుడు సచ్చిండు. ఊరంత నా మొగుణ్ణి మాట తప్పినోడంటున్నరు. రాయించు. ఒక్కటి గూడ తగ్గియ్యకు."

"ఏమంటోంది?" అన్నాడు ఠాణేదారు.

ఏం చెప్పినా రాసుకునేవాడు. ఆ గదిలో ఆమె మాట తెలిసింది నాకొక్కడికే. కట్టు కింద దవడ సలుపుతోంది. హిందీలో మొదలుపెట్టాను. ముళ్ళు, ఆరు, సావుకారి కొడుకు, అన్నీ చెప్పాను, ఆమె చెప్పిన వరసలోనే. ఠాణేదారు పెన్ను ఆగింది.

"ఎవరా సావుకారి కొడుకు? పేరు?"

"శివప్రసాద్," అన్నాను. "నేనే. నేను ముందు సంతకం పెట్టింది అబద్ధం."

అతను కానిస్టేబుల్ని పిలిచి తలుపు దగ్గర నిలబడమన్నాడు. పొజ్జేకి హిందీ రాకపోయినా నా పేరు వినపడింది. బల్లమీదికి వంగి మెల్లగా అడిగింది.

"వచ్చిందా మా మాట?"

"వచ్చు, పొజ్జే," అన్నాను దోర్లీలో. "ఆ రోజు గూడ వచ్చు."