శవం లేవనిదే తెప్ప దిగదు

తాతారావు శవాన్ని గుడిసె ముందు ఇసుకలో పడుకోబెట్టారు. పక్కన కూర్చున్న పెళ్ళాం రత్నాలమ్మకి ఏడుపు రాలేదు. చేపలు కొనే షావుకారు కూర్మారావు డబ్బుకు బదులు పోయించిన సారా తాగి తాతారావు, కళ్ళు కనబడటం లేదని తడుముకుంటూ ఆమె చేతుల్లోనే పోయాడు. ఆమె లోపలంతా మొద్దుబారిపోయింది.

మద్యనిషేధ చట్టం లేదా అంటే, ఎందుకు లేదూ! మద్రాసు వాళ్ళ నాటి చట్టం కొత్త ఆంధ్ర రాష్ట్రంలోనూ ఉంది. దాన్ని ఉంచాలా తియ్యాలా అని పెద్దలు రాజధాని కర్నూల్లో తగువులాడుకుంటున్నారు. ఇక్కడ మాత్రం పోలీసులు జీపులో వచ్చి, అదే సారా తాగి వాంతులు చేసుకుంటున్న మరిది చిన్నారావుకి బేడీలు వేశారు. షావుకారు జీడితోటలో సారాబట్టీ పొగ వాళ్ళకి కనబడలేదు పాపం!

"తాగినోడిని అట్టుకెల్తన్నారు. కాసినోడి మాటేటి?" అంది పక్కింటి అప్పలమ్మ.

"నోర్ముయ్! ముందు శవాన్ని తియ్యండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఊళ్ళో శవం ఉండగా ఏ తెప్పా సముద్రంలోకి దిగదు. అది ఆ ఊరి కట్టు. పూండి స్టేషన్లో రైలెక్కాల్సిన చేపల గంపలు ఖాళీగా పడున్నాయి. షావుకారే పరుగెత్తుకొచ్చాడు.

"కర్సంతా నాదే. బేగి కానిచ్చీండి."

రత్నాలమ్మ తలెత్తింది.

"తియ్యను."

"ఏటీ?"

"నీ బట్టీ బద్దలుకొట్టి నిన్ను జీపెక్కించీవరకూ ఈ శవం లెగదు. తెప్ప దిగదు."

"మరి తిండేటి తింతామే?" అన్నాడు కులపెద్ద గున్నయ్య.

"ఇన్నాల్లూ ఏటి తిన్నాం మావా? మీరు తాగీసినాక మిగిలిందే గదా!" అంది అప్పలమ్మ.

ఆడవాళ్ళంతా వచ్చి శవం చుట్టూ కూర్చున్నారు. కాసేపటికి మగవాళ్ళు కూడా తెడ్లు తెచ్చి వాళ్ళ ముందు పడేశారు.

సాయంత్రానికి పోలీసులు లాఠీలు తీశారు. శవాన్ని వాళ్ళే మోసుకుపోయి పూడ్చేశారు. రత్నాలమ్మని ఈడ్చుకెళ్ళి మరిది పక్కన జీపులో పడేశారు.

"శవం లేసిపోనాది గదా! దించండ్రా తెప్పల్ని!" అని అరిచాడు షావుకారు.

ఒక్కడూ కదల్లేదు. గున్నయ్య తెడ్డు చేతిలోకి తీసుకున్నాడు.

"మా రత్నాలు ఇంటికొచ్చీదాకా మాకు మైలే బాబూ."

ఆ మాటతో జనమంతా తెడ్లు అందుకుని జీడితోట వైపు నడిచారు. షావుకారు అడ్డంపడబోయి పక్కకి తప్పుకున్నాడు.

ఇసుకలో దిగబడి ఆలస్యంగా కదిలిన జీపు తోట మలుపు తిరుగుతుంటే బట్టీ కుండలు పగులుతున్న చప్పుడు. రత్నాలమ్మకి అప్పటికీ కన్నీళ్ళు రాలేదు. జీపు చువ్వ పట్టుకుని లేచి, పోలీసు జబ్బ పట్టి లాగుతున్నా లెక్కచేయకుండా అరిచింది:

"ఒక్కటీ ఉంచకండే! ఒక్క కుండా ఉంచకండి!"