సగం గడ్డం

నా భర్త వంగేలిస్ పోయిన రోజు నుంచి మామగారు గడ్డం గీసుకోవడం మానేశారు. మా కొండల్లో కొడుకు పోయిన తండ్రి నలభయ్యో రోజు ప్రార్థన అయ్యేదాకా ముఖానికి కత్తి తగలనివ్వడు. ఆడవాళ్ళం నల్లబట్టలు కడతాం. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

నేను పాఠాలు చెప్పే బడికి సెలవులు ఇచ్చాక ఖాళీ ఇంట్లో ఉండలేక నేనూ పైన వేసవి దొడ్డికి వెళ్ళాను. నా భర్త కాసిన గొర్రెల్ని ఇప్పుడు ఆయన తండ్రి స్తెర్గియోస్ కాస్తున్నారు. అత్తగారు పొలిక్సేని పాలు కాచి చీజ్ చేస్తారు. నేను నీళ్ళు మోస్తాను.

ఎండ ముదిరాక ఒక రకం ఈగ వస్తుంది. బూడిద రంగు, పొట్ట మీద నల్ల చుక్కలు. మామూలు ఈగలా గుడ్లు పెట్టదు. పచ్చిపుండు కనిపిస్తే చాలు, బతికున్న పురుగుల్నే వదిలిపోతుంది. అవి మాంసం తొలుచుకుంటూ లోపలికి పోతాయి. మామగారు ఒక్కో గొర్రెను వెల్లకిలా తిప్పి, మోకాళ్ళ మధ్య అదిమిపట్టి, గిట్టల సందుల్లోంచి చిన్న పట్టకారుతో పురుగులు ఏరేవారు. "ఓర్చుకో తల్లీ" అనేవారు ప్రతి గొర్రెతోనూ.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయనకు ఎడమపక్కన కూర్చున్నాను. రొట్టె అందుకోమంటే ఆయనకు వినిపించలేదు. అప్పుడు వాసన తగిలింది. పురుగు పట్టిన గొర్రె దగ్గర వచ్చే వాసన. దగ్గర్లో గొర్రె ఏదీ లేదు. ఆయన చెవి కింద గడ్డం తడిసి అట్టకట్టి ఉంది.

"మామయ్యా, చెవి దగ్గర ఏమైంది?"

"ముళ్ళకంప గీరింది. ఏం లేదు."

"మధ్యాహ్నం చెట్టు కింద పడుకుంటారుగా. ఈగ వాలిందేమో."

"నేను గొర్రెననుకున్నావా పంతులమ్మా?"

"గొర్రె అయితే నయమే," అన్నారు అత్తగారు. "తిప్పితే తిరుగుతుంది."

"పట్నం వెళ్దాం. సాయంత్రం చీజ్ లారీ వస్తుందిగా," అన్నాను.

"డాక్టరు మొదట గడ్డమే తీస్తాడు." ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు.

పక్క కొండ మీద ఒక కాపరికి పురుగులు చెవిలోకి దూరాయి. ఆస్పత్రికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. అది నాకూ తెలుసు, అత్తగారికీ తెలుసు. ఆమె గరిటె తిప్పడం ఆపేసి నా వైపు చూశారు. "నా మాట వినడు. నువ్వు వెళ్ళు," అన్నారు.

ఆయన నీళ్ళతొట్టి గట్టు మీద కూర్చుని ఉన్నారు.

"నొప్పిగా ఉందా?"

"ఉంది." తొట్టిలో చేయి ముంచారు. "ఉండనీ అమ్మా. వాడు పోయాక నాకు ఏదీ నొప్పనిపించలేదు. రాయిలా తిరిగాను. ఇది మొదలయ్యాకే కాస్త మనిషిలా ఉంది."

నేనూ గట్టు మీద ఆయనకు ఎడమపక్కన కూర్చున్నాను.

"ఈ పక్క మాత్రం తీస్తాను," అన్నాను. "ఆ పక్క అలాగే ఉంచుతాను."

"సగం గడ్డమా?"

"సగమే."

"చూసినవాళ్ళు ఏమనుకుంటారు? స్తెర్గియోస్‌కి సగం కొడుకే పోయాడనుకుంటారు."

"మిగతా సగం నాకు పోయాడని చెప్పండి."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. తర్వాత గట్టు దిగి, గడ్డిలో కూర్చుని, నా ఒళ్ళో తల పెట్టారు.

అత్తగారు కత్తెర, గడ్డం కత్తి, సబ్బు, పట్టకారు, గ్లాసు, ద్రాక్షసారా తెచ్చి ఆయన తలను రెండు చేతులా పట్టుకున్నారు. "కదలకు. నీ గొర్రెలు చూస్తున్నాయి," అన్నారు. వెంట్రుకలు తీసేసరికి పుండు కనిపించింది. లోపల పురుగుల తెల్లని తోకలు పక్కపక్కనే కదులుతున్నాయి. సారా చుక్కలు వేశాను. ఊపిరాడక అవి పైకి వచ్చాయి. పట్టకారుతో ఒక్కొక్కటే పట్టి గ్లాసులో వేశాను.

"ఓర్చుకోండి మామయ్యా, ఓర్చుకోండి."

ఆయన నా నల్ల పావడా అంచును పిడికిట్లో బిగించి పట్టుకున్నారు. ఒక్కసారి మాత్రం వంగేలిస్ అన్నారు.

సాయంత్రం లారీలో పట్నం వెళ్ళాం. డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసి, లోతున మిగిలిన రెండింటిని తీసి, కడిగి, కట్టు కట్టాడు. ఇంకొంచెం ఆలస్యమైతే చెవి దాటి తలలోకి వెళ్ళేవన్నాడు. తర్వాత రెండో చెంప చూసి, "ఇదీ గీసేయమంటారా?" అని అడిగాడు.

"వద్దు," అన్నాం ఇద్దరం.

తిరిగి వచ్చేటప్పుడు లారీలో ఆయనకు ఎడమపక్కనే కూర్చున్నాను. "ఇప్పుడు ఎలా ఉంది?" అని మామూలు గొంతుతోనే అడిగాను. ఆయనకు వినిపించింది.

"తగ్గింది," అన్నారు, తప్పు చేసినవాడిలా.

"తగ్గనివ్వండి మామయ్యా."

ఆయన తల ఊపి రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయారు. మలుపు దాటాక, గీసిన చెంప మీద కన్నీళ్ళు దిగాయి. కట్టు తడవకుండా నా తలగుడ్డ అంచుతో అద్దాను. ఆయన అద్దనిచ్చారు.