తిమ్మమ్మ మూడో బిడ్డ

"తల్లి ఎవరు?" డాక్టరు రెండోసారి అడిగాడు.

తిమ్మమ్మ చేతుల్లో ఏడాదిన్నర జయంతి మూలుగుతోంది. పేగు మెలిపడింది. సాయంత్రంలోగా ఆపరేషన్ చేయాలి. తల్లి సంతకం కావాలి. కాగితం బల్ల మీద ఉంది.

తిమ్మమ్మ వెనక్కి చూసింది. తలుపు దగ్గర శివప్ప. మా ఊరి ఉపసర్పంచి. అనంతపురం దాకా మమ్మల్ని తెచ్చింది అతని జీపే. ఎక్కేటప్పుడే అనుమానించాల్సింది.

"మా చెల్లెలి బిడ్డ సార్. ఆయమ్మ చిలమత్తూరులో ఉండాది. పిలిపిస్తా," అంది తిమ్మమ్మ.

అబద్ధం. నేను పక్కనే ఉన్నాను. ఆ అబద్ధం నేర్పింది మా మహిళా సంఘమే.

అది 2003. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ పదవి పోతుందని చట్టం. తిమ్మమ్మ మా సర్పంచి, గొర్రెలు కాసుకునే ఇంటి కోడలు. ఆమె దిగితే కుర్చీ శివప్పది. మా ఆరోగ్య కేంద్రంలో కాన్పుల గది నిండా శివప్ప వేరుశనగ మూటలే. అక్కడ చోటు లేక ఆ ఏడు ఇద్దరు ఆడవాళ్లు కాన్పు కష్టమై అనంతపురం పోయే దారిలోనే చనిపోయారు. గురువారం శాసనసభ కమిటీ అనంతపురం వస్తోంది. ఆ గది సంగతి మా తరఫున సర్పంచి మాట్లాడాలి. పదవి పోకూడదని జయంతి పుట్టినప్పటి నుంచీ లోకానికి చెల్లెలి బిడ్డే.

"నాలుగు దినాలు ఓర్చుకోక్కా," అని చెవిలో చెప్పింది కూడా నేనే.

చెల్లెలు ఎక్కిన బస్సు వచ్చేసరికి అయిదు దాటింది. జయంతి మూడున్నరకే పోయింది.

బిడ్డను పూడ్చిన మరునాడు శివప్ప తిమ్మమ్మ ఇంటికి వచ్చాడు. అరుగు మీద తీరిగ్గా కూర్చున్నాడు.

"జరిగిందేదో జరిగిపాయ తిమ్మక్కా. ఇప్పుడు నీకు ఇద్దరే. నీ కుర్చీ నీదే. మూటల సంగతి మాత్రం కమిటీకాడ ఎత్తొద్దు."

అతను పోయాక సంఘం కూర్చుంది.

"నోరు మూసుకోక్కా," అంది వార్డు మెంబరు ఆంజినమ్మ. "బిడ్డ ఎట్లాగూ పాయ. కుర్చీ గూడ పోతే మనకు ఇంగేముండాది?"

"నా బిడ్డను ఇంగొకసారి కాదనమంటావా?"

తిమ్మమ్మ లేచి లోపలికి పోయింది.

గురువారం హాల్లో మూడు వందల మంది ఆడవాళ్లం. వేదిక మీద ఎమ్మెల్యేలు. ముందు వరసలో శివప్ప.

"సర్పంచిగారూ, రెండు నిమిషాలు," అన్నాడు చైర్మన్.

"నాకు ముగ్గురు బిడ్లు సార్," అంది తిమ్మమ్మ. "మూడోది ఆదివారం సచ్చిపాయ."

చైర్మన్ గొంతు తగ్గించాడు. "ఇది రికార్డులోకి పోతుందమ్మా. ఆలోచించుకో."

"పోవాలనే చెప్తాండా. ఇద్దరు చాలని ఆపరేషనుకు మూడుసార్లు పోతి. మా ఊరి కాన్పుల గదిలో ఈ శివప్పన్న శనక్కాయ మూటలుండాయి. పండుకునేకి చోటు లేదని పంపించిరి. చోటు మీరియ్యరు. పుడితే పదవి పీకుతారు. నా బిడ్డ కాదని చెప్తి. బిడ్డే పాయ. ఇది యాడి చట్టం సార్?"

శివప్ప లేచాడు. "విన్నారు గదా సార్. తనే ఒప్పుకునింది."

"నువ్వు కూకోప్పా." ఆంజినమ్మ నిలబడింది. "నాకూ ముగ్గురు. ఒకడు మా యక్కింట్లో పెరుగుతాండాడు. నన్ను పిన్నమ్మ అంటాడు. రాసుకోండి."

రాప్తాడు వైపు నుంచి వచ్చిన మెంబరు లేచింది. తర్వాత ఇంకొకామె. ఆంజినమ్మతో కలిపి పదకొండు మంది లేచి దాచిన బిడ్డల లెక్క చెప్పారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇన్నాళ్లూ ఎవరికి వారు తామొక్కరే దొంగలమనుకున్నారు.

"మీకెంతమంది సార్?" ఆంజినమ్మ చైర్మన్ని అడిగింది.

అతను నీళ్లగ్లాసు అందుకున్నాడు.

"అయిదుమంది," వెనక నుంచి అతని నియోజకవర్గం ముసలామె చెప్పింది. "చిన్నదాని పేరుపెట్టే దినం మేమే వంట చేసినాం."

ఎమ్మెల్యేలకు ఆ చట్టం లేదు. దాన్ని మాకు రాసింది వాళ్లే.

"మీకెంతమంది?" ఈసారి హాలంతా అడిగింది. పోలీసులు వచ్చి మమ్మల్ని బయటకు ఈడుస్తున్నా అడుగుతూనే ఉంది. ఆ రోజు నలభై మందిని అరెస్టు చేశారు.

నెల తిరక్కుండానే తిమ్మమ్మ పదవి పోయింది. తక్కిన పదకొండు మందికీ నోటీసులు వచ్చాయి. శివప్ప కుర్చీ ఎక్కాడు. నేను కొన్నాళ్లు ఆమె ముఖం చూడలేకపోయాను. "హైదరాబాదుకు ఎప్పుడు పోదాం?" అని ఆమే వచ్చి అడిగింది.

శాసనసభ మొదలయ్యే రోజుకు గుంతకల్లులో రైలెక్కాం. సభకు పోయే దారికి అడ్డంగా పోలీసులు కంచె వేశారు. ఇన్‌స్పెక్టర్ మా గుంపును చూసి చిరాకుపడ్డాడు.

"ధర్నాకు ఈ పిల్లలంతా ఎందుకమ్మా? ఎంతమందిని తెచ్చారు?"

తిమ్మమ్మ రెండు చేతులా తన బిడ్డలిద్దర్ని పట్టుకుని కంచె ముందు కూర్చుంది. ఆమె వెనక మేమంతా కూర్చున్నాం, పిల్లలతో.

"లెక్కపెట్టుకో సార్," అంది ఆంజినమ్మ. ఆమె ఒళ్లో ఆరేళ్లవాడు మొదటిసారి అందరి ముందూ ఆమెను అమ్మా అని పిలుస్తున్నాడు. "ఈసారి ఒక్కర్ని గూడ దాచిపెట్టలే."