తొమ్మిది నిమిషాల కబుర్లు

ఆయమ్మ మంచం చక్రాలకు బ్రేకు వేసి, టైలరమ్మ మోకాళ్ల కింద దిండు సర్దింది. గర్భాశయ ముఖద్వారం దగ్గర అమర్చిన, రేడియేషన్ పంపే సన్నని గొట్టాలు వెంట్రుకవాసి కూడా కదలకూడదు. పోయిన వారం తలుపు మూసిన మూడో నిమిషంలోనే టైలరమ్మ బెదిరిపోయి నడుము ఎత్తేసింది. మెషిన్ ఆపారు. మళ్లీ స్కాన్, మళ్లీ మొదటికి.

ఇవాళ ఆఖరి విడత. మొత్తం చికిత్స ఎనిమిది వారాల్లో ముగియాలి. గడువు ఇవాళే. దాటితే క్యాన్సర్ మీద పట్టు సడలుతుందని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

"నావల్ల కాదు ఆయమ్మా. ఆ తలుపు చూస్తేనే గుండె జారిపోతోంది."

"మైకుందిగా."

"అయితే నువ్వు మాట్లాడుతూనే ఉండు. ఆపావో, లేచిపోతా!"

ఆయమ్మ తలూపి బయటికి నడిచింది. పొట్టి మనిషి. బ్లీచింగుకు తెల్లబారిన వేళ్లు. ముప్పై ఒక్కేళ్ల సర్వీసులో రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప.

బరువైన తలుపు మూసుకుంది. బయట కంప్యూటర్ ముందున్న ఫిజిసిస్టును అందరూ లెక్కల సారంటారు. గడ్డ ఎటు వంగితే అటు వంగేలా, మూత్రాశయాన్ని తప్పించి, టైలరమ్మ ఒక్కదానికే సరిపోయేలా మోతాదు గీసింది ఆయనే. "రెడీమేడ్ కాదమ్మా, కొలిచి కుట్టింది" అని పొద్దున ఆవిడతో అన్నాడు కూడా.

బటన్ నొక్కాడు. తొమ్మిది నిమిషాలు.

ఆయమ్మ మైకు ముందు వంగింది. అయిదో తరగతిలో ఆగిన చదువు, పెళ్లి, ఇద్దరు కూతుళ్లు, లారీతో పాటే పోయిన మొగుడు, ఈ ఉద్యోగం. గుక్క తిప్పుకోకుండా చెప్పేసి గడియారం చూసింది. బతుకంతా మూడు నిమిషాల్లో అయిపోయింది! ఇంకా ఆరున్నాయి.

"ఆయమ్మా?" స్పీకర్లో టైలరమ్మ పిలిచింది. కెమెరా తెర మీద మోకాలు కదిలింది.

"ఉన్నా, ఉన్నా! అప్పట్లో అయితే రేడియేషన్ మందు లోపల పెట్టి మూడు రోజులు పడుకోబెట్టేవాళ్లమ్మా. మేం సీసం అడ్డు వెనక నుంచి పళ్లెం తోసేవాళ్లం. అయిదు నిమిషాలకు మించి ఉంటే మామీద ఎంత రేడియేషన్ పడిందో రొమ్ము మీది బ్యాడ్జి పట్టేసేది. ఒకావిడ నీలాగే ఏడుస్తోంది. బ్యాడ్జి తీసి బీరువాలో పడేసి, వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నా. గంటసేపు. ఏం మాట్లాడాలో తెలిస్తేగా!"

"తర్వాత?"

"నెలాఖర్న బ్యాడ్జి చూసి, అందరికన్నా జాగ్రత్త మనిషి నువ్వేనని నన్ను మెచ్చుకున్నారు."

లెక్కల సారు గిర్రున తిరిగి చూశాడు. ఆయమ్మ నాలుక కరుచుకుంది. స్పీకర్లో ముక్కుతో నవ్వు మొదలైంది.

"నవ్వకమ్మా, కదిలిపోతావు!" అని అరిచాడాయన.

"నవ్వట్లేదు సారూ, బిగబట్టా... ఆయమ్మా, ఆవిడ బతికిందా?"

"ఏమో తల్లీ. ఇంటికి పంపాం. మళ్లీ రాలేదు. రాకపోతే బాగున్నట్టే అనుకుంటాం."

ఆయమ్మే ఏదో ఒకటి చెబుతూ పోయింది. తెర మీద మనిషి కదల్లేదు. అంకెలు సున్నాకు వచ్చాయి.

గొట్టాలు తీశారు. మధ్యాహ్నం టైలరమ్మ మొగుడి భుజం పట్టుకుని మెల్లగా గేటు దాటింది, వెనక్కి తిరిగి చూడకుండా.

"ఇవాళ బ్యాడ్జి పెట్టుకున్నావా?" అన్నాడు లెక్కల సారు.

"ఇదిగో సారూ" అని చూపించి, ఆయమ్మ గది సర్దడానికి వెళ్లింది.

మంచం మీది పక్కగుడ్డ నడుము ఆనిన చోట ఇస్త్రీ చేసినట్టే ఉంది. అటూ ఇటూ మాత్రం పిడికెడేసి గుడ్డ ముద్దగా నలిగి, వేళ్ల సందుల గుర్తులతో ఇంకా బిగుసుకునే ఉంది.