పెళ్లిచీరకు కండెలు

శ్రీరంగప్ప నేసిన పట్టుచీర కట్టుకొని పీటలెక్కిన పిల్లకు అంతా మంచే జరుగుతుందని ధర్మవరంలో ఒక నమ్మకం. ఆయన కూడా ఆ పేరును కంటికి రెప్పలా కాపాడుకున్నాడు. స్నానం చేసి విభూతి పెట్టుకుంటే గాని గుంటమగ్గంలోకి దిగేవాడు కాదు. భార్య లక్ష్మీనరసమ్మ నెలలో దూరంగా ఉండే మూడు రోజులూ వెనక వసారాలోనే ఉండాలి, పట్టుపోగు ముట్టకూడదు. ఆ మూడు రోజులూ, మగ్గంలో అటూ ఇటూ పోగు నడిపే నాడెలో పెట్టే కండెలకు పక్కింటి ఓబులమ్మ పోగు చుట్టి తెచ్చి ఇచ్చేది.

అలాంటి మనిషికి రావలసిన జబ్బేనా అది? విరేచనంలో నెత్తురు పడుతుంటే, పగలంతా కూర్చునే పనికి మూలశంక మామూలేలే అని ఏడాదిపాటు మజ్జిగ తాగి ఊరుకున్నాడు. సిగ్గుతో ఇంట్లో కూడా నోరు విప్పలేదు. చివరికి బెంగళూరు ఆసుపత్రిలో పేగు కోసి గడ్డ తీసేశారు. ప్రాణం దక్కింది. కాని ఇక బతికినన్నాళ్లూ మలం బయటికి వచ్చే దారి పొట్టకు ఎడమవైపునే. అక్కడొక సంచి అతికించారు. దాన్ని ఎలా ఖాళీ చేయాలో, చర్మం పుండు పడకుండా నీళ్లతో కడిగి ఎలా తుడవాలో నర్సు చూపిస్తుంటే ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. వేళకు కొంచెం కొంచెంగా తినాలనీ, నీళ్లు బాగా తాగాలనీ, పస్తుంటే కడుపులో గాలి ఎక్కువవుతుందనీ ఆమె చెప్పింది. చెవినబెట్టింది లక్ష్మీనరసమ్మ ఒక్కతే.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు హేమలత పెళ్లి 2003 మాఘమాసానికి కుదిరింది. ఆ పిల్ల పుట్టిననాడే దాని పెళ్లిచీర నా చేత్తోనే నేస్తానని ఆయన అందరికీ చెప్పుకున్నాడు. గాయం మానింది కాబట్టి మగ్గంలో కూర్చోవచ్చని డాక్టరు కూడా అన్నాడు. నేసిన చీర చుట్టుకునే కర్ర సరిగ్గా పొట్టకు ఆనుతుంది. సంచికి తగలకుండా కాస్త వెనక్కి జరిగి కూర్చోవడం పెద్ద కష్టం కాలేదు. కష్టమంతా మనసుతోనే. మైల పొట్టకు కట్టుకొని కూతురి పెళ్లిచీర నేయడమా అని ఆయన లోలోపల కుమిలిపోయాడు. అప్పుడొక ఉపాయం తట్టింది. తినకపోతే సంచిలోకి ఏమీ రాదు కదా!

ఆనాటి నుంచి హేమలత పెట్టే సంగటి ముద్ద కిటికీలోంచి సందులోని మేకకు పోయేది. నీళ్లు గుక్కెడే. ఉత్త కడుపుకు సంచి గాలితో ఉబ్బి చప్పుడు చేసేది. ఆ చప్పుడుకు సిగ్గుపడి రాత్రి తినేదాంట్లో కూడా సగం తగ్గించాడు. ఆ కరువు ఏట వీధి మొత్తంలో ఒళ్లు చేసింది ఆ మేక ఒక్కటే.

కొంగు మాత్రం మిగిలి ఉండగా ఒక మధ్యాహ్నం ఆయనకు కళ్లు చీకట్లు కమ్మాయి. చీరమీదికే ఒరిగిపోయాడు. వెనక వసారాలో దూరంగా ఉన్న లక్ష్మీనరసమ్మ కూతురి కేక విని పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ కలిసి ఆయన్ను చాపమీద పడుకోబెట్టి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు తాగించారు. కాస్త తేరుకోగానే, దూరమున్నదానివి మగ్గం దగ్గరికి ఎందుకొచ్చినావని ఆయన గొణిగాడు. ఆమె సంచి చూసింది, లోపల ఏమీ లేదు. కిటికీ అవతల మేక సంగటి ముద్ద తింటోంది. ఆమెకు విషయమంతా అర్థమైంది. ఎందుకింత పని చేసినావని అడిగింది.

"ఈ మైల మూటగట్టుకొని నా బిడ్డ చీర యెట్ల నేయల్ల? కడుపు మాడ్చుకుంటేనన్నా శుద్ధంగా ఉంటాననుకున్నా. ఇంక నా చేతగాదు. మిగిల్న కొంగు ఎదురింటి మగ్గం తిప్పేష్‌తో నేయించు," అని ఆయన కూతురి ముందే ఏడ్చేశాడు.

సంగటి పెట్టుకొని రమ్మని లక్ష్మీనరసమ్మ కూతుర్ని పంపింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"ఓబులమ్మకు చూపు తగ్గి పదేండ్లాయ. పోగు తెగితే ఆయమ్మకు కనపడదు. ఆ మూడు దినాలూ ఎనక వసారాలో కూర్చోని కండెలు చుట్టింది నేనే. ఆయమ్మ చేతికిచ్చి నీకు పంపిస్తాంటి."

శ్రీరంగప్పకు ముందు కోపమే వచ్చింది. నాకెందుకు చెప్పలేదని అడిగాడు. పదేళ్ల చీరలు కళ్లముందు తిరిగాయి. చంకలో బిడ్డతో వచ్చి, నీ చెయ్యి మంచిదని దండం పెట్టిపోయిన ఆడపిల్లలు గుర్తుకొచ్చారు.

"చెప్పింటే మగ్గం నిలిపేస్తాంటివి. ఆ పెండ్లికూతుర్లకు ఏం చెడు జరిగినాది? ఒళ్లన్నాక ఇయ్యన్నీ ఉంటాయి. నాకు నెలకు మూడు దినాలు, నీకు దినామూ. అంతే గదా," అంది ఆమె.

హేమలత తెచ్చిన సంగటి ఆయన ఆ చాపమీదే కూర్చొని తిన్నాడు.

మరునాడు పొద్దున కూడా తిన్నాడు. సంచి ఖాళీ చేసుకొని, స్నానం చేసి, విభూతి పెట్టుకొని మగ్గంలోకి దిగాడు. నాడెలో కండె అయిపోయి ఉంది. తలెత్తేసరికి వసారా గడప దగ్గర లక్ష్మీనరసమ్మ కండెల బుట్టతో నిలబడి ఉంది. ఆమెకు అది మూడో రోజని ఆయనకు తెలుసు. ఈసారి ఆమె ఓబులమ్మను పిలవలేదు. గడప దాటి వచ్చి కండె చాపింది.

ఆయన కాసేపు ఆ చేతినే చూశాడు. తర్వాత కండె అందుకొని నాడెలో పెట్టాడు.