సోమవారం నుంచి లీవ్

మాదాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసే భూలక్ష్మి, గురువారం మధ్యాహ్నం కాఫీ మెషిన్ దగ్గర కిరణ్మయికి తన ఫోన్ అందించింది.

"మేడం, సూపర్‌వైజర్ ఇంగ్లీషుల పెట్టిండు. జర చదివి చెప్పరా?"

కిరణ్మయికి మీటింగ్ టైమైంది. కప్పు నిండేలోపు ఆ తెర మీద ఓసారి చూపు పారేసింది. 'లీవ్ ఫ్రమ్ మండే' అన్నంతవరకే చూసింది.

"సోమవారం నుంచి మీకు లీవ్ ఇచ్చారండి."

"నేనడగకుండనేనా!" భూలక్ష్మి మొహం వెలిగిపోయింది. "మా చెల్లె కాన్పయ్యి నెలైతాంది. బిడ్డను చూసొస్త."

వారం సెలవు గడిపి ఆమె తిరిగొచ్చేసరికి గేటు దగ్గర కార్డు పనిచేయలేదు. అప్పుడే వచ్చిన కిరణ్మయి చేతిలో మళ్లీ ఫోన్ పెట్టింది. కిరణ్మయి ఈసారి మొత్తం చదివి చెప్పింది. ఇక్కడ మనుషులు ఎక్కువయ్యారు, సోమవారం నుంచి రావద్దు. నానక్‌రామ్‌గూడలో రెండు ఖాళీలున్నాయి, కావాలంటే శుక్రవారంలోపు పేరు రాయించుకోవాలి.

కాకినాడలో ఇంగ్లీషు మాస్టారైన కిరణ్మయి తండ్రి, చిన్నప్పుడు ఆమె చేత 'లీవ్' అన్న ఒక్క మాటకే పేజీడు వాక్యాలు రాయించారు. సెలవు, వెళ్లిపోవడం, వదిలేయడం, మిగల్చడం. అన్నీ తెలిసిన మనిషి ఆ రోజు రెండో వాక్యం చదవలేదు.

"నాకు సదువు రాకనే గిట్లయింది," అంది భూలక్ష్మి.

"వాళ్లే సరిగ్గా రాయలేదండి," అనేసి కిరణ్మయి లిఫ్టెక్కింది.

సీట్లో కూర్చోలేకపోయింది. పరుగున కిందికి వచ్చి, షేర్ ఆటో కోసం నిలబడ్డ భూలక్ష్మిని ఆపి, జరిగింది చెప్పింది.

"గా దినమే చెప్పుంటే ఉరికి పోతుంటి గద మేడం," అంది భూలక్ష్మి.

ఇద్దరూ నానక్‌రామ్‌గూడలోని హౌస్‌కీపింగ్ కాంట్రాక్టర్ ఆఫీసుకు వెళ్లారు. సూపర్‌వైజర్ వెంకట్ తల కూడా ఎత్తలేదు.

"రెండు ఖాళీలు నిండినయ్. మెసేజ్ చూస్కోవాలె గదమ్మా!"

"ఆవిడ చూపించారండి. నేనే సగం చదివి తప్పు చెప్పాను," అంది కిరణ్మయి. గదిలో ఉన్న పది మందీ తిరిగి చూశారు.

నార్సింగిలో వచ్చే నెల ఒక ఖాళీ ఉంటుందని వెంకట్ పేరు రాసుకున్నాడు. ఇంటికి దూరమే అయినా భూలక్ష్మి ఒప్పుకుంది.

బయటికొచ్చాక కిరణ్మయి "క్షమించండి" అంది. భూలక్ష్మి కొంగు సవరించుకుంటూ "పోతున్న మేడం" అని ఆటో ఎక్కింది. పక్కన చోటుంది. కిరణ్మయి ఎక్కలేక, తర్వాతి ఆటో కోసం ఎండలో నిలబడింది.